పులి కనిపించిన తర్వాత

జూలో జంతువుల్ని ఫొటో తీసేవాళ్ళకీ, అడవికి వెళ్ళి తీసేవాళ్ళకీ మధ్య ఒక పాత తగాదా ఉంది. ఫొటోగ్రఫీ క్లబ్బుల్లో, పోటీల దగ్గర, ఒక్కోసారి పెళ్ళి భోజనాల బంతిలో కూడా అది లేస్తుంది. ఆ రెండు పక్షాలనూ ఇక్కడ ఒక మేనత్త నోట, ఒక మేనల్లుడి నోట పెట్టి రాస్తున్నాను. అత్త హైదరాబాదులో జీవశాస్త్రం టీచరుగా చేసి రిటైరైంది. ఏ ఊరు వెళ్ళినా గుడి తర్వాత ఆవిడ చూసేది అక్కడి జూనే. అల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నాలుగు రోజులు సెలవు కలిసొస్తే తడోబాకో కబినికో బయల్దేరతాడు. నా మొగ్గు అత్త వైపే. అయినా అల్లుడు అడిగినవాటిలో కొన్నింటికి నా దగ్గర సరైన జవాబు లేదు. అందుకని వాటిని మెత్తన చేయకుండా ఉన్నవున్నట్టు ఉంచాను.

అల్లుడు: అత్తా, ముందే చెప్తున్నా, బాధపడకు. నీ పులి ఫొటో బాగుంది. వెలుగు బాగుంది, కళ్ళు స్పష్టంగా వచ్చాయి. కానీ దాన్ని పులి ఫొటో అని నేననలేను.

అత్త: మరేమంటావు?

అల్లుడు: పులిని ఉంచిన చోటుకి తీసిన ఫొటో అంటాను. పులంటే ఒట్టి చారలూ మీసాలూ కాదు కదా. అది నడిచిన దారి, దాన్ని పసిగట్టి చుక్కల జింక పెట్టే కేక, చెట్టు మీంచి కొండముచ్చు ఇచ్చే హెచ్చరిక, అవన్నీ కలిస్తే పులి. తెల్లారకముందే జీపెక్కి మూడు గంటలు దుమ్ము తింటాను. చాలాసార్లు ఏమీ కనబడదు, ఖాళీ చేతులతో వెనక్కి వస్తాను. ఓపికంటే అదీ. నువ్వు టికెట్టు కొని లోపలికి వెళ్తే పులి ఎటుందో బాణం గుర్తు వేసి మరీ చూపిస్తారు.

అత్త: చూపిస్తారు, కాదనను. పోయినసారి నీకు పులి కనబడింది కదా, ఎంతసేపుంది?

అల్లుడు: దారి దాటింది. అర నిమిషం ఉంటుందేమో.

అత్త: ఆ అర నిమిషంలో ఏం చేస్తోంది అది?

అల్లుడు: నేను షట్టరు నొక్కుతూనే ఉన్నా. ఇంటికొచ్చాక కంప్యూటర్లో చూసుకున్నా.

అత్త: తప్పు పట్టడం లేదురా. అడవి నీకిచ్చిన టైమే అంత. నీ ఓపికంతా పులి కనిపించేదాకా. నాది కనిపించాక మొదలవుతుంది. గేటు తెరవగానే వెళ్ళి ఒక్క ఎన్‌క్లోజరు ముందే నిలబడతాను. రోజంతా అదొక్కటే. మిగతా జూ అంతా వదిలేస్తాను. మొదట చాలాసేపు కెమెరా సంచీలోనే ఉంటుంది.

అల్లుడు: ఎందుకని?

అత్త: కెమెరా చేతిలో ఉంటే నేను ఫొటో కోసం చూస్తాను. లేకపోతే జంతువును చూస్తాను. రాత్రి గది తలుపు లేస్తుంది, పులి వెంటనే రాదు. గడప దగ్గర ఆగుతుంది. ముందు ముక్కు కనబడుతుంది, కాసేపటికి తల. అప్పుడు కంచె వెంబడి ఒక చుట్టు తిరిగి వస్తుంది, రాత్రి తను లేనప్పుడు ఎవరైనా వచ్చారా అని చూసుకుంటున్నట్టు. ఏదో ఒక చెట్టు దగ్గర ఆగుతుంది. మొదట్లో ముక్కు ఆనించి కదలకుండా ఉండిపోతుంది. ఆ తర్వాత తల ఎత్తుతుంది, మూతి ముడుచుకుపోతుంది, పై పెదవి లేచి కోరలు బయటపడతాయి, నాలుక కొంచెం వేలాడుతుంది, కళ్ళు సగం మూతపడతాయి. పక్కనున్నవాళ్ళు ‘అమ్మో, గర్జిస్తోంది’ అని పిల్లల్ని వెనక్కి లాగుతారు. ఎక్కడా చిన్న శబ్దం ఉండదు. ఆ వాసనను అంగిట్లో ఉండే జాకబ్సన్ అవయవానికి అందిస్తోంది అది, అంతే.

అల్లుడు: ఫ్లెమెన్ అంటారు దాన్ని. చదివాను.

అత్త: చదివావు, సంతోషం. అది వచ్చే ముందు ఏం జరుగుతుందో చదివావా? చెట్టుకు ముక్కు ఆనించి ఊరికే వాసన చూసి పోతే రాదు. అక్కడ ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగిందనుకో, వస్తుంది. నా వేలు అప్పుడు షట్టరు మీద ఉండాలి. ఇది ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు, అక్కడ నిలబడితే దొరికింది.

అల్లుడు: నాలుగు ఎకరాలు కూడా లేని చోట రోజూ అదే చెట్టు వాసన చూస్తుంది పాపం. అది చూసి నువ్వు పులి గురించి తెలుసుకున్నానంటున్నావు.

అత్త: పులి గురించి అంతా తెలుసుకున్నానని ఎప్పుడన్నాను? చూడదగ్గది ఏదో ఉంది అంటున్నాను. 1838 మార్చిలో డార్విన్ లండన్ జూకి వెళ్ళి జెన్నీ అనే ఒరాంగుటాన్‌ను చూశాడు. కీపరు ఆపిల్ పండు చూపించి ఇవ్వలేదు. అది వెల్లకిలా పడి, కాళ్ళు తన్నుకుంటూ, మారాం చేసే పసిపిల్లలా ఏడ్చింది. డార్విన్ దాన్ని అక్షరం వదలకుండా రాసిపెట్టుకున్నాడు. అడవిలో కాదు నాయనా, జూలోనే. అప్పటికి ఫొటోగ్రఫీ బయటికే రాలేదు. ఆ తర్వాత ముప్ఫై నాలుగేళ్ళకు, మనుషులూ జంతువులూ భావాలు ఎలా బయటపెడతారో చెప్పే పుస్తకం వేశాడు, 1872లో. అందులో ఫొటోలు కూడా వాడాడు.

అల్లుడు: డార్విన్ అక్కడికి చూడ్డానికి వెళ్ళాడు. నువ్వు అందంగా చూపించడానికి వెళ్తున్నావు. అసలు గొడవ అక్కడుంది. నువ్వు అంతసేపు నిలబడతానన్నావు కాబట్టి అడుగుతున్నా, కంచె పొడవునా అటూ ఇటూ అటూ ఇటూ తచ్చాడే పులిని చూసుంటావుగా?

అత్త: చూశాను. ఊరి పేరు చెప్పను, మన రాష్ట్రాలు రెండూ కాదు. బాగా చూశాను.

అల్లుడు: 2003లో రాస్ క్లబ్, జార్జియా మేసన్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో రాశారు. బయట ఎంత ఎక్కువ దూరం తిరిగే మాంసాహారి అయితే, జూలో అంత ఎక్కువగా ఇలా తచ్చాడుతుందని, దాని పిల్లలు కూడా అంత ఎక్కువగా చచ్చిపోతాయని. ధ్రువపు ఎలుగుబంటికి జూలో మామూలుగా ఇచ్చే చోటు, బయట అది తిరిగే కనీస పరిధిలో పది లక్షలో వంతు. ఇప్పుడు చెప్పు. అలా తిరిగే పులిని నువ్వు తీస్తే ఏమొస్తుంది? ఒక కాలు ముందుకు వేసి, తల కాస్త వంచి, భుజాలు పైకి లేచి, నీ వైపు నడిచొస్తున్న పులి. వెనకాల వెదురు పొద. మధ్యనున్న జాలీ నువ్వు లెన్సుతో మాయం చేస్తావు. చూసినవాడు వేటకు బయల్దేరిన పులి అనుకుంటాడు. దిక్కుతోచక తిరుగుతున్న జంతువుని రాజసం ఉట్టిపడేలా చూపించావు. ఇది అబద్ధం కాక మరేమిటి?

ఈ ప్రశ్న దగ్గర నేను రాయడం ఆపి చాలాసేపు ఆలోచించాను. తచ్చాడే పులీ, దారిన పోయే పులీ సెకనులో వెయ్యో వంతులో ఒక్కలాగే ఉంటాయి. అడుగు అదే, భుజం అదే, చూపు కూడా అదే. తేడా కాలంలో ఉంది, ఫొటోలోకి రానిది సరిగ్గా అదే. జూ ఫొటోలు తీసేవాళ్ళు ఎవరైనా ముందు తేల్చుకోవలసిన సంగతి ఇదని నా నమ్మకం. లెన్సులూ లైటూ ఆ తర్వాత.

అత్త: కింద ఏమీ రాయకుండా గోడకు తగిలిస్తే అబద్ధమే. ఒప్పుకుంటాను. తేడా పట్టే విధానం ఉంది, చెప్తా విను. మలుపు దగ్గర చూడాలి. తచ్చాడే పులి ప్రతిసారీ అదే చోట, అదే కాలి మీద తిరుగుతుంది. తల అదే ఎత్తున అటు ఊగుతుంది. దారిలో ఎండు కొమ్మ పడినా, పక్కన కాకి వాలినా పట్టించుకోదు. మామూలుగా నడిచే పులి చెవులు ఒక్క క్షణం ఊరుకోవు. ఒకటి ముందుకుంటే ఇంకోటి వెనక్కి తిరుగుతుంది. కీపరు తాళాల గుత్తి చప్పుడు మనకి వినబడకముందే వాటికి తెలుస్తుంది. ఆ చెవులు నిలిచిపోయాయంటే నాకు భయం వేస్తుంది.

అల్లుడు: సాయంత్రం తిండి వేళకు అన్నీ తిరుగుతాయి కదా, తలుపు దగ్గర?

అత్త: అది వేరు. అది ఎదురుచూపు. తలుపు వైపే చూస్తూ తిరుగుతుంది, తలుపు తీయగానే ఆగిపోతుంది. మన జూల్లో చాలాచోట్ల పులులకూ సింహాలకూ రోజుకి ఒకసారే తిండి, వారానికో రోజు పస్తు కూడా పెడతారు. ఆ వేళా ఆ పస్తూ తెలియకుండా ఒక్క పూట వెళ్ళినవాడు రెండింటినీ ఒకే గాటన కడతాడు. ఒకడు అయ్యో పాపం అంటాడు, ఇంకొకడు ఆహా అంటాడు. ఇద్దరూ చూడలేదు.

అల్లుడు: సరే, నువ్వు చూశావు. మరి జాలీ ఎందుకు మాయం చేస్తావు?

అత్త: అదేమీ మాయ కాదురా. లెన్సును జాలీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి, అపెర్చర్ ఎఫ్ 2.8కో 4కో తెరవాలి, జంతువు జాలీకి దూరంగా ఉన్నప్పుడు తీయాలి. జాలీ మీద ఎండ పడితే ఫొటో అంతా తెల్లటి పొగలా వస్తుంది, అందుకని నీడ ఉన్న వైపు వెతుక్కోవాలి, లేదా అరచేయి అడ్డం పెట్టాలి. ఫోకస్ ఒకే బిందువు మీద పెట్టకపోతే కెమెరా తీగనే పట్టుకుంటుంది. అద్దమైతే రబ్బరు హుడ్ ఆనించి నిటారుగా తీయాలి, లేకపోతే వెనకనున్న జనం చొక్కాలన్నీ పులి మీద కనబడతాయి. ఇంతే విద్య. పావుగంటలో ఎవరికైనా నేర్పొచ్చు. నాకు జంతువు కళ్ళు కావాలి, తీగ అడ్డం వస్తే ఆ కళ్ళు చూడలేం. దాచడానికి కాదు.

అల్లుడు: ఉద్దేశం ఏదైనా చూసేవాడికి ఆ తీగ లేదు. లండన్‌లో ఏటా ఇచ్చే పెద్ద వన్యప్రాణి ఫొటో బహుమతి 2009లో ఒక తోడేలు ఫొటోకి ఇచ్చారు, గుర్తుందా? రాత్రిపూట కట్టె గేటు మీంచి దూకుతున్న తోడేలు. తీసింది హోసే లూయిస్ రోడ్రిగెజ్. అది మచ్చిక చేసిన తోడేలై ఉంటుందని తేల్చి తర్వాతి జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఫొటో మారలేదు, వెలుగు మారలేదు. అయినా దాని విలువ పోయింది. ఎందుకు?

అత్త: కట్టడిలో ఉన్న జంతువుని అడవి జంతువని నమ్మించాడని జడ్జీలు అనుకున్నారు కాబట్టి. ‘ఇది మచ్చిక తోడేలు’ అని రాసి వేరే చోట పెట్టుంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఆయన కాదనే అన్నాడు, అది వేరే సంగతి. పెద్ద పోటీల నిబంధనలు కూడా అదే అంటాయి, వైల్డ్‌లైఫ్ విభాగంలో జూ జంతువు కుదరదు, నేచర్ విభాగంలో కుదురుతుంది. ఆ గీత ఉండాల్సిందే. నేను గీతకి ఇవతల ఉన్నానని చెప్పుకోడానికి నాకేం సిగ్గు? నువ్వే చెప్పు, నీ అడవి మాత్రం అంత అడవా? వేసవిలో బోరు నీళ్ళు పోసిన గుంటల దగ్గరే కదా మీ జీపులన్నీ ఆగేది? మీ పులులకు పేర్లు లేవా? రణథంభోర్ మఛ్లీ 2016లో పోతే దేశమంతా వార్త. జీపు చప్పుడుకు తల కూడా తిప్పని పులులు అవి.

అల్లుడు: పేరుంది, నిజమే. కానీ మఛ్లీకి మా మొహాలు చూడ్డం ఇష్టం లేకపోతే గడ్డిలోకి వెళ్ళిపోయేది. జీపు అక్కడే ఆగిపోవాలి. నీ పులికి ఆ హక్కుందా?

అత్త: మంచి మాట అడిగావు. ఆ హక్కు ఉండేలా ఎన్‌క్లోజరు కట్టాలి. స్విట్జర్లాండులో హైనీ హెడిగర్ అని జూ డైరెక్టరు ఉండేవాడు. బెర్న్, బాసెల్, జ్యూరిక్ జూలు చూసుకున్నాడు. ప్రతి జంతువుకూ పారిపోయే దూరం ఒకటి ఉంటుందని, శత్రువు అంత దగ్గరికి వస్తే లేచి పోతుందని కొలిచి చెప్పాడు. చోటు ఎంత అన్నదాని కంటే ఎలాంటి చోటు అన్నది ముఖ్యమని ఆయన వాదన. దాక్కోడానికి పొద ఉందా, ఎక్కడానికి ఎత్తు ఉందా, జనానికి వీపు తిప్పి పడుకునే మూల ఉందా? జనం ఎన్‌క్లోజరు ముందుకొచ్చి ‘ఏమీ లేదు, డబ్బులు దండగ’ అంటారు చూడు, అది మంచి ఎన్‌క్లోజరని నాకప్పుడు తెలుస్తుంది. పులి లోపలే ఉంది, మనకి కనబడాలని లేదు. అలాంటిచోట ఎదురుచూడ్డమే నాకిష్టం.

అల్లుడు: నీ పక్కన నిలబడి ఈలలు వేసేవాళ్ళో?

అత్త: వాళ్ళ సంగతి నువ్వు ఎత్తకు, నాకు కోపం వస్తుంది. ఎండ పొద్దున మొసలి నోరు తెరిచి కదలకుండా పడుకుంటుంది. ఒంట్లో వేడి సరిచేసుకోడానికి అలా ఉంటుంది. బొమ్మేమో అని రాళ్ళు వేస్తారు. రాయి తగిలి కదిలితే చప్పట్లు. కోతి పళ్ళన్నీ చూపిస్తే నవ్వుతోందని ఫోన్లో తీసుకుంటారు. చింపాంజీ అలా పెదాలు సాగదీసి పళ్ళు చూపిస్తే చాలాసార్లు అది భయం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38జె సెక్షను ఉంది. జూలో జంతువుని ఏడిపించినా, తిండి పెట్టినా, చప్పుడు చేసి కలవరపెట్టినా నేరం. బోర్డుల మీద రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. మీ కెమెరాలవాళ్ళు కూడా తక్కువేం కాదు, తల తిప్పుతుందని ‘టక్ టక్’ మని నాలుకతో చప్పుడు చేసేవాళ్ళని ఎంతమందిని చూశానో.

అల్లుడు: మా కెమెరాలవాళ్ళు అంటావేం? వాళ్ళు జూ ఫొటోగ్రాఫర్లు, నీ జట్టు.

అత్త: పిలిచి తల తిప్పించుకునేవాడు నా జట్టు కాదు. అది తనంతట తను నా వైపు చూస్తే చూస్తుంది, లేకపోతే లేదు. నీ అడవి ఫొటోలో నీకున్న నియమమే ఇది.

అల్లుడు: ఇందులో మాత్రం నీతో గొడవ లేదు.

అత్త: ఇంకోటి చెప్పనా? ఢిల్లీ జూ చెరువుల్లో దిబ్బల మీద చెట్లున్నాయి. ఏటా ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి ఎర్రకాళ్ల కొంగలు వందల్లో వచ్చి వాటి మీద గూళ్ళు కడతాయి. వాటిని ఎవరూ తేలేదు, ఎవరూ రెక్కలు కత్తిరించలేదు. మన ఉప్పలపాడు చెరువులో వాలేవి కూడా ఆ జాతే. పిల్లలు ఎగరగలిగాక వెళ్ళిపోతాయి. జూ గోడల మధ్య తీసిన ఆ కొంగ ఫొటో ఏ విభాగంలో వేస్తావు?

అల్లుడు: అది అడవి పక్షే. గోడకి సంబంధం లేదు.

అత్త: కాబట్టి గోడ కాదు ముఖ్యం. ఆ జంతువుకి వెళ్ళిపోయే దారి ఉందా లేదా అన్నదే.

అల్లుడు: నేను ఇందాకటి నుంచి చెప్తున్నది అదే కదా! దారి లేనిదాన్ని తీయడానికి మనసెలా వస్తుంది అని.

అత్త: ఎవరో ఒకరు తీయాలి కాబట్టి వస్తుంది. క్వాగా అని దక్షిణాఫ్రికాలో జీబ్రా జాతి ఉండేది. ముందు సగం చారలు, వెనక సగం ఒట్టి గోధుమరంగు. వేటాడి వేటాడి మొత్తం తుడిచిపెట్టేశారు. బతికున్న క్వాగా ఫొటోలు లోకం మొత్తానికి ఐదే ఉన్నాయి. ఐదూ ఒకే ఆడ జంతువువి, లండన్ జూలో ఫ్రాంక్ హేస్, ఫ్రెడరిక్ యార్క్ అనేవాళ్ళు 1860లూ 1870 ప్రాంతంలో తీసినవి. అప్పట్లో గాజు పలకకి తడి రసాయనం పూసి, అది ఆరేలోపు తీసేయాలి. జంతువు కదిలితే పోయింది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డారో ఊహించు. 1872లో అది చచ్చిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్ జూలో ఇంకొకటి 1883 ఆగస్టు 12న పోయింది. అదే ఆఖరిదని అప్పటికి ఎవరికీ తెలియలేదు. ఆ ఫొటోల్లో కంచె ఉంది, ఇటుక గోడ ఉంది. వెనక ఏముందో ఎవరూ అడగరు. చారలు ఎక్కడ ఆగిపోయాయో చూస్తారు.

అల్లుడు: ఆ ఐదింటిలోనూ ఒంటరిగా నిలబడి ఉంటుంది. మందగా బతికే జంతువు అది. ఎలా పరిగెత్తేదో, పిల్లకి పాలెలా ఇచ్చేదో ఒక్క ఫొటో కూడా లేదు. నాకు దాన్ని చూస్తే ఏడుపొస్తుంది తప్ప గర్వం రాదు. టాస్మేనియా పులి సంగతి తీసుకో. హోబార్ట్ జూలో 1933 డిసెంబరులో డేవిడ్ ఫ్లే దాన్ని సినిమా తీశాడు, అది ఆయన్ని పిరుదు మీద కరిచింది కూడా. ఎంత దగ్గరగా వెళ్ళి తీశాడో చూడు. ఏమైంది? 1936 సెప్టెంబరు 7న అదే జూలో ఆ జాతిలో ఆఖరిది పోయింది. రాత్రి చలిలో బయట వదిలేశారని చెబుతారు. ఫిల్మ్ మిగిలింది, జంతువు పోయింది. నీ కెమెరా ఏ జంతువునీ కాపాడదు.

అత్త: కెమెరా కాపాడదు. కాపాడిందని నేను అనను. మూషిక జింకను చూడు, అడుగు ఎత్తు కూడా లేదు, మూడు కిలోలు ఉంటుందేమో, కొమ్ముల్లేవు, మగదానికి పై కోరలు రెండు బయటికి ఉంటాయి. నల్లమలలో దాన్ని చూసిన వాళ్ళెంతమంది? నువ్వు చూశావా?

అల్లుడు: లేదు. రాత్రుళ్ళు తిరుగుతుంది. గడ్డిలో కదలకుండా ఉంటే పక్కనుంచి పోయినా కనబడదు.

అత్త: మన నెహ్రూ జూలో, అదే 1963లో మీర్ ఆలం చెరువు పక్కన తెరిచిన దాంట్లో, 2010లో, అంతరించిపోతున్న జీవుల మీద పనిచేసే లాకోన్స్ శాస్త్రవేత్తలతో కలిసి దాన్ని పెంచడం మొదలుపెట్టారు. పిల్లలయ్యాయి, మందయింది. కొన్నింటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. ఈ పని కెమెరా చేయలేదు, నిజమే. కానీ ఏ పూట తింటుంది, దేనికి బెదురుతుంది, రెండు మగవాటిని కలిపి ఉంచొచ్చా కూడదా, ఇవన్నీ ఎవరో కీపరు గంటలు గంటలు నిలబడి చూస్తేనే కదా తెలిసింది? అలా నిలబడ్డంలో నేను కూడా చేయి కలుపుతున్నాను. నా చేతిలో అదనంగా కెమెరా ఉంది. అంతకంటే పెద్ద మాట నా గురించి నేను చెప్పుకోను. నువ్వు అడవిలో ఒకసారి దాన్ని తీస్తే, అది ఇక్కడ పుట్టినదాని మనవరాలే కావచ్చు.

అల్లుడు: ఆ ఫొటో తీసిన రోజు ముందు నీకే పంపిస్తా. అది సరే, నువ్వు పనిచేసిన బడిలో ప్రదర్శన పెడుతున్నావటగా?

అత్త: పిల్లలు అడిగారు. మూషిక జింకవి ఉన్నాయి. విశాఖ జూలో తీసిన రేచుకుక్కలవి ఉన్నాయి. అవి ఒకదాన్నొకటి ఈల వేసి పిలుచుకుంటాయి, ఫొటోలో ఈల వినబడదు కాబట్టి నోటి ఆకారం కనబడేలా తీశాను. నీటికుక్కలు, ఎలుగుబంటి చెదపుట్ట పీల్చేది.

అల్లుడు: ఆ తచ్చాడే పులి?

అత్త: లేదు. నువ్వు చెప్పిన కారణమే. ఒక్క ఫ్రేములో చూస్తే చక్రవర్తిలా ఉంది. అందుకే పెట్టలేదు. దానిదే ఇంకోటి ఉంది కానీ, అందులో పులి లేదు. పులి నీడకు పోయాక నేలను తీశాను. కంచె పొడవునా జానెడు వెడల్పున గడ్డి మొలవని గీత. రెండు కొసల్లోనూ అది తిరిగే చోట నేల గుండ్రంగా అరిగిపోయి, ముందు రోజు కురిసిన వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. బురదలో ఒకదాని మీద ఒకటి పడ్డ అడుగులు. అన్నీ ఒకే కాలివి.

అల్లుడు: జాలీ కనబడుతుందా అందులో?

అత్త: ముందే ఉంది. దాన్ని తప్పించే ప్రయత్నం చేయలేదు.

అల్లుడు: అత్తా, అదెందుకు పెట్టడం లేదు? ఇందాక నేనడిగిన ప్రశ్నకి జవాబు అదే కదా! ఒక్క ఫ్రేములో కాలం పట్టదనుకున్నాను. ఆ నేల మీద పట్టింది.

అత్త: ఐదో తరగతి పిల్లలు వస్తారురా. పులేదీ అంటారు.

అల్లుడు: అననీ. అడిగితే చెప్పు. నువ్వు ముప్ఫయ్యేళ్ళు చేసింది ఆ పనే కదా.

అత్త: సరే, పెడతాను. దాని పక్కన ఇంకోటి పెడతా, ఒప్పుకుంటావా? ఆ జూలోనే కీపరు ఒక రోజు కొత్త దుంగ తెచ్చి వేశాడు, తిండి ముక్కలు దాని కింద దాచాడు. పులి తిరగడం ఆపి, దుంగ మీద ముందుకాళ్ళు పెట్టి గోళ్ళతో చీరింది. చెవులు రెండూ కదులుతున్నాయి. చాలా మంచి ఫొటో అది.

అల్లుడు: ఆ రెండూ పక్కపక్కన చూసి, దుంగ వేస్తే బాగైపోయింది అనుకుంటారు జనం.

అత్త: బాగవలేదు. మధ్యాహ్నానికి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పూట కాసేపు ఆగిన మాట మాత్రం నిజం. ఆగిందీ చూశాను, మళ్ళీ తిరిగిందీ చూశాను.

అల్లుడు: అయితే ఆ మధ్యాహ్నం సంగతి కూడా కింద రాయి.

అత్త: రాస్తాను. ఎన్నింటికి ఆగిందో, ఎన్నింటికి మళ్ళీ లేచిందో నోటుబుక్కులో ఉంది.

అల్లుడు: ఊరి పేరు?

అత్త: అది రాయను.

అల్లుడు: రాయాలి. రాయకపోతే అది ఏ పులీ కాదు, ఏ జూ కూడా కాదు. చూసి అయ్యో అనుకుని వెళ్ళిపోతారు.

అత్త: రాస్తే ముందు నిలదీసేది ఆ కీపరుని. ఆ ఎన్‌క్లోజరు అతను కట్టలేదు, దుంగ తెచ్చి వేసింది మాత్రం అతనే. ఫొటోలూ టైములూ అన్నీ కలిపి ఆ జూ పెద్దలకి ఉత్తరం రాశాను. జవాబు రానీ.

అల్లుడు: రాకపోతే?

అత్త: రాకపోతే అప్పుడు ఊరి పేరు రాస్తాను. కీపరు చేసిన పని కూడా అదే కాగితం మీద రాస్తాను.